లారీ ఆగిన రోజున డ్రైవరు ఎటు పోవాలి?

వ్యాపారాలు మందగించాయని ఢిల్లీలో లెక్కలు కట్టి చెప్పేసరికి నెలలు గడిచిపోతాయి. నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం ప్రాంతాల లారీ డ్రైవరుకు ఆ సంగతి అంతకు ముందే తెలుస్తుంది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రెండు రోజులకు వచ్చే సీరియల్ అయిదు రోజులకు గాని రాదు. రిటర్న్ లోడు కోసం పరాయి ఊళ్ళో బండి పక్కన స్టవ్వు వెలిగించుకునే పూటలు ఎక్కువవుతాయి. ఓనరు బత్తా దగ్గర బేరం మొదలుపెడతాడు. తర్వాత క్లీనరును మానిపిస్తాడు. ఆ తర్వాత వంతు ఎవరిదో చెప్పనక్కర లేదు.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో లారీ మీద బతికే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద, కంకర క్వారీలు, నున్న మామిడి మార్కెట్టు, ఇప్పుడు ఏలూరు జిల్లాలో చేరిన కైకలూరు చేపల చెరువులు, ఇవన్నీ వేలాది కుటుంబాలకు స్టీరింగు పుణ్యాన అన్నం పెడుతున్నాయి. 2022లో జిల్లా రెండు ముక్కలైనా, మూడు ముక్కలైనా ఈ బతుకులు మాత్రం ఒక్కటే. బేరాలు బాగున్నప్పుడు వీళ్ళను గురించి ఎవరూ మాట్లాడరు. బేరాలు పడిపోయాక మాట్లాడి ప్రయోజనం తక్కువ. అందుకనే ఈ మాటలు బండ్లు తిరుగుతున్న రోజుల్లోనే చెప్పవలసి వస్తున్నది.

గత దెబ్బను ఒకసారి గుర్తు చేసుకుందాం. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం లారీలు మోయగల బరువును పెంచింది. పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు, పెద్ద ట్రెయిలరుది 49 నుంచి 55 టన్నులకు పెరిగింది. ఓవర్‌లోడు కేసుల పీడ తగ్గుతుందని చాలామంది సంతోషించారు. అయితే ఉన్న సరుకును మునుపటికంటె తక్కువ లారీలే మోసేయగలవు గదా! ఈ చిన్న లెక్క అప్పుడు ఎక్కువమందికి తట్టలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఒక పెద్ద ఫైనాన్స్ సంస్థ కుప్పకూలడంతో బండ్లకు అప్పులిచ్చేవాళ్ళు చేతులు ముడుచుకున్నారు. 2019లో మన రాష్ట్రంలో కొత్త ఇసుక విధానం, దానికి తోడు కృష్ణా గోదావరి వరదలు కలిసి ఇసుక దొరక్కుండా చేశాయి. మేస్త్రీకి పని పోయింది, కంకర కదలలేదు, సిమెంటు బస్తా కదలలేదు, వాటిని మోసే లారీ కదలలేదు.

దేశం మొత్తం మీద 2018–19లో 10 లక్షల 7 వేల పైచిలుకు వాణిజ్య వాహనాలు అమ్ముడుపోగా, 2019–20లో ఆ సంఖ్య 7 లక్షల 17 వేలకు, ఆ మరుసటి ఏడాది 5 లక్షల 68 వేలకు దిగజారింది. కరోనా లాక్‌డౌన్ 2020 మార్చి 25న వచ్చింది గాని, లారీ బతుక్కి జబ్బు అంతకు ఏడాది ముందే పట్టుకుందన్నమాట. లాక్‌డౌన్ పెట్టిన నాలుగు రోజులకు, మార్చి 29న, సరుకు ఏదైనా రవాణా చేసుకోవచ్చని కేంద్రం అనుమతి ఇచ్చింది. కాగితం మీద అనుమతి ఉన్నది గాని రోడ్డు మీద హోటలు లేదు, టైరు పంచరు వేసేవాడు లేడు. హైవే వెంట ధాబాలకు, రిపేరు షాపులకు తలుపులు తెరుచుకునే వీలు కలిగింది ఏప్రిల్ 20 నుంచి. ఆ నాలుగు వారాలు రోడ్డున పడి ఉన్న డ్రైవర్లను ఎవరు ఆదుకున్నారో వాళ్ళనే అడగాలి. దారిలో పల్లెటూళ్ళ వాళ్ళు పెట్టిన అన్నం పొట్లాలను గురించి ఇప్పటికీ చెప్పుకునే వాళ్ళున్నారు.

అటువంటి రోజులు మళ్ళీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. వస్తే ఏం చేయాలి?

అగ్గువకు వచ్చిన లారీ

మందం రోజుల్లో డ్రైవరు మనసులోకి వచ్చే మొదటి ఆలోచన చాలా విచిత్రంగా ఉంటుంది. తానే ఒక లారీ కొనుక్కోవాలనిపిస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. కిరాయిలు లేక ఓనరు బండి వదిలించుకోవాలని చూస్తుంటాడు. పాత బండి ధర పడిపోయి ఉంటుంది. “ఇన్నేళ్ళుగా నువ్వే తోలుతున్నావు, దీని గుణం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? నువ్వే తీసుకోరాదూ!” అని ఓనరు అంటాడు. ఫైనాన్స్ కంతులు ఇంకా కొన్ని మిగిలి ఉంటే అవి నువ్వే కట్టుకో అంటాడు. ఇరవై ఏళ్ళు ఒకరి దగ్గర డ్రైవరుగా బతికిన మనిషికి ఓనరు అనిపించుకోవాలన్న కోరిక తప్పు కాదు. కాని ఆ కోరిక తీర్చుకోవడానికి మందం రోజులంత చెడ్డ అదను మరొకటి లేదని మా అభిప్రాయం.

ఒక లెక్క వేసి చూద్దాం. పాత పది టైర్ల లారీ 12 లక్షలకు బేరం కుదిరిందనుకోండి. ఇంట్లో బంగారమో, చేనో తాకట్టు పెట్టి 3 లక్షలు కట్టారు. మిగతా 9 లక్షలు ఫైనాన్స్. నూటికి 16 వడ్డీతో 36 కంతులు అనుకుంటే నెలకు 31,600 పైన కట్టాలి. అంత బరువు బండికి 2022లో ఖరారు చేసిన థర్డ్‌పార్టీ ఇన్సూరెన్సు పన్ను కాక 43,950 రూపాయలు. నేషనల్ పర్మిట్టుకు ఏడాదికి 16,500. ఈ రెండింటినీ నెలల మీద పంచితే మరో 5 వేలు. అంటే చక్రం తిరిగినా తిరగకపోయినా నెలకు 36 వేల పైమాటే. ఇందులో మూడు నెలలకొకసారి కట్టే రోడ్డు టాక్సు లేదు, టైర్లు లేవు, బ్రేకు చేయించే ఖర్చు లేదు, ఫిట్‌నెస్‌కు వెళ్ళినప్పుడయ్యే ఖర్చు అసలే లేదు. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఆ ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి.

ఇక రాబడి చూడండి. డీజిలు, టోలు, కమీషను, దారి ఖర్చులు పోగా ట్రిప్పుకు 10 వేలు మిగులుతుందనుకుందాం. నెలకు ఆరు ట్రిప్పులు దొరికితే 60 వేలు. బాగానే ఉంది. మందం వచ్చి అవి మూడయితే 30 వేలు. కంతు కూడా పూర్తిగా రాదు. ఇంట్లో పొయ్యి సంగతి తర్వాత. పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీకి ఇరవై బండ్లు ఉంటే అయిదు నిలిపి పదిహేను తిప్పుకుంటుంది. ఒకే ఒక్క బండి ఉన్నవాడు దేన్ని నిలుపుతాడు?

ఇంతకూ ఇక్కడ జరిగేదేమిటంటే, వ్యాపారంలో వచ్చే నష్టం ఓనరు నెత్తి మీంచి దిగి డ్రైవరు నెత్తికెక్కుతుంది. ఓనరును మేము తప్పు పట్టడం లేదు, ఆయన బాధ ఆయనది. డ్రైవరు మాత్రం తనకు దక్కింది ఆస్తి అనుకుంటాడు. దానితో వచ్చిన అప్పు బరువు మొదటి కంతు తప్పిన నెలలో గాని తెలిసిరాదు.

2020లో రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు ఆఖరు దాకా ఆరు నెలలు కంతులు వాయిదా వేసుకునే వీలు కల్పించింది. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. కంతు ఆగింది గాని వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద పడిన వడ్డీని ఆ తర్వాత ప్రభుత్వం తిరిగి ఇప్పించింది గాని అసలు వడ్డీ ఎక్కడికీ పోలేదు, కంతుల సంఖ్య పెరిగి కూచుంది.

కంతులు తప్పితే బండి సీజు. రౌడీలను పంపి దౌర్జన్యంగా బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తీవ్రంగా తప్పుపట్టింది. అయినా నడిరోడ్డు మీద అర్ధరాత్రి తాళాలు గుంజుకున్న కథ ఏ లారీ ఊళ్ళో అడిగినా ఒకటి వినిపిస్తుంది. బండి పోతే పోయిందిలే అనుకోవడానికి కూడా లేదు. వేలంలో వచ్చిన సొమ్ము అప్పుకు చాలకపోతే మిగతాది కూడా కట్టాలి. కట్టలేకపోతే హామీ సంతకం పెట్టిన వాడి మీదికి వస్తారు. ఆ సంతకం పెట్టింది సాధారణంగా బావమరిదో, పక్కింటి రైతో అయి ఉంటాడు. లారీ మొహమైనా ఎక్కి ఎరగని రైతు పొలం మీదికి నోటీసు వచ్చిందంటే, రెండు కుటుంబాల మధ్య మాటలు ఉండవు. అందుచేత ఈ సంగతి డ్రైవర్లకే కాదు, వాళ్ళకు సంతకాలు పెట్టబోయే వారికీ చెబుతున్నాము. సంతకం అంటే మాట సాయం కాదు, అప్పులో సగపాలు.

అయినా సరే కొంటానన్నవారు కనీసం ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పాత ఓనరు పేరు మీదే ఆర్.సి. ఉంచుకుని, ఆయన ఫైనాన్స్ కంతులు తాము కట్టుకుంటూ బండి నడిపే అలవాటు మన వైపు ఉన్నది. అది పెద్ద ప్రమాదం. కంతులన్నీ కట్టినా బండి మీది కాదు. యాక్సిడెంటయితే కోర్టు నోటీసు ఆయన ఇంటికి వెళుతుంది, తగాదా మీ ఇద్దరి మధ్య మొదలవుతుంది. ఫైనాన్స్ వారి ఒప్పుదల కాగితం పుచ్చుకుని, 29, 30 నంబరు ఫారాలు రవాణా ఆఫీసులో దాఖలు చేసి పేరు మార్పించుకున్న తర్వాతే మిగతా డబ్బు చేతిలో పెట్టాలి.

ఆగని సరుకు ఏది?

మందంలో అన్ని సరుకులూ ఒకేసారి ఆగవు. ఇది డ్రైవరు తెలుసుకుని ఉండవలసిన మొదటి సంగతి. ఇల్లు కట్టుకునేవాడు వచ్చే ఏడు కట్టుకుంటాడు, కనుక సిమెంటు, ఇనుము, కంకర, ఇసుక, గ్రానైటు ముందు ఆగుతాయి. కొత్త మోటారు సైకిలు వచ్చే ఏడు కొనుక్కోవచ్చు గనుక వాటిని మోసే కంటెయినర్లు ఆగుతాయి. కాని బియ్యం వచ్చే ఏడు తినడం కుదరదు. పాలు, చేప, కూరగాయ, గ్యాసు బండ, డీజిలు కూడా అంతే. 2020 ఏప్రిల్ నుంచి 2022 డిసెంబరు దాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు ఉచితంగా అదనంగా ఇచ్చింది. ఆ బియ్యాన్ని గోడౌను నుంచి గోడౌనుకు చేర్చింది లారీలే గదా.

కనుక కంకర టిప్పరు మీద పదేళ్ళు చేసిన డ్రైవరు కూడా మంచి రోజుల్లోనే మరో రకం సరుకు పరిచయం చేసుకోవడం మంచిది. కైకలూరు నుంచి చేపల లారీ ఐసు వేసుకుని హౌరా, అస్సాం వైపు పోతుంది. ఆ తోలడం వేరు. ఐసు కరిగేలోగా మార్కెట్టు చేరాలి, ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా ఎక్కాలి, నిద్ర లెక్క తప్పకూడదు. బత్తా మంచిదే గాని ఒళ్ళు హూనం. అది యువకులకు చెప్పదగిన పని. నలభై అయిదు దాటి చక్కెర జబ్బు వచ్చిన మనిషిని ఆ బండి ఎక్కమనడం మేము చెప్పలేము.

అన్నిటికంటె మేము గట్టిగా చెప్పదలచినది చమురు, గ్యాసు ట్యాంకర్ల పని. కొండపల్లి దగ్గర చమురు కంపెనీల డిపోలు మనకు కూతవేటు దూరంలో ఉన్నాయి. పెట్రోలు, డీజిలు, గ్యాసు, యాసిడ్ల వంటి ప్రమాదకర సరుకు మోసే బండి నడపాలంటే మామూలు హెవీ లైసెన్సు చాలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 9వ నియమం ప్రకారం మూడు రోజుల శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్టు చూపి, లైసెన్సు మీద ప్రత్యేకంగా రాయించుకోవాలి. 2019 చట్టసవరణ తర్వాత ఈ అర్హత మూడేళ్ళు చెల్లుతుంది. శిక్షణ మూడు రోజులే! మూడు రోజుల కిరాయి వదులుకుంటే, ఏ మందంలోనూ ఆగని సరుకు తలుపు తెరుచుకుంటుంది. అయినా ఎంతమంది వెళుతున్నారు? వెళ్ళకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఒక భారత భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం వచ్చి ఉండాలని అదే నియమం చెబుతున్నది. హెవీ లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న నిబంధనను 2019లో కేంద్రం తొలగించింది. చదువు లేని వేలాదిమందికి అది మేలు చేసింది. ప్రమాదకర సరుకు దగ్గర మాత్రం ఇంగ్లీషు అడ్డు అలాగే ఉన్నది. ట్యాంకరు వెనుక రాసిన హెచ్చరిక చదవగలగడం అవసరమే, కాదనం. ఆ నాలుగు ముక్కలు నేర్పే ఏర్పాటు ఎక్కడ ఉన్నది? ఊళ్ళో హైస్కూలు పంతుళ్ళు సెలవుల్లో నలుగురు డ్రైవర్లను కూచోబెట్టి అక్షరాలు దిద్దిస్తే అంతకంటె మంచి పని ఉండదు.

యంత్రాల మీదికి మారాలన్న ఆలోచన కూడా చాలామందికి ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. జె.సి.బి., ప్రొక్లైను పనులు లారీతో పాటే ఆగుతాయి. కంకర లారీ నిలిచిన రోజున కంకర తవ్వే యంత్రం కూడా నిలుస్తుంది. మునిగే పడవలోంచి దాని పక్కనే మునిగే పడవలోకి దూకినట్టు. వరికోత యంత్రం సంగతి వేరు. మందమయినా, మరొకటయినా డెల్టాలో పండిన వరిని కోయక తప్పదు. సార్వా కోతలకు, దాళ్వా కోతలకు మన పొలాల్లోకి బయటి రాష్ట్రాల యంత్రాలు, వాటితో పాటే వాళ్ళ డ్రైవర్లు దిగడం రైతులందరూ చూస్తున్నదే. కొద్ది వారాల పనే కావచ్చు. అయినా ఆ వారాల్లో రాత్రింబవళ్ళు పని దొరుకుతుంది. మన కుర్రవాళ్ళు నలుగురు ఒక సీజను అంతా పక్కన కూచుని నేర్చుకుంటే పోయేదేముంది?

ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగం అందరి కల. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వంలో విలీనమయ్యాక ఆ కల మరింత పెద్దదయింది. నోటిఫికేషను ఎప్పుడు పడుతుందో తెలియని ఉద్యోగాన్ని నమ్ముకుని కూచోవడం మాత్రం మంచిది కాదు. ఈలోగా అద్దె బస్సులు, కాలేజీ బస్సులు ఉన్నాయి. జీతం లారీ బత్తా కంటె తక్కువే, కాని రాత్రికి ఇంటికి వస్తారు. ఇంటి దగ్గర ఉంటే పాడీ, పొలమూ చూసుకోవచ్చు. స్కూలు బస్సుకు 2020లో పట్టిన గతి కూడా మరచిపోవద్దు. బళ్ళు నెలల తరబడి మూతబడి, ఆ డ్రైవర్లు లారీ డ్రైవర్ల కంటె ఎక్కువ అవస్థ పడ్డారు.

చిన్న వ్యాన్ల సంగతీ చెప్పుకోవాలి. అప్పు తక్కువ, ఊళ్ళోనే పని. అందువల్లనే అందరూ అటే పోతున్నారు. మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ఇక ఆ రంగంలో పోటీ తగ్గుతుందని అనుకోలేము. హెవీ లైసెన్సు ఉన్న మనిషి అందరూ తోలగలిగే బండి దగ్గరికి దిగిపోవడం, చేతిలో ఉన్న విద్యను సగం ధరకు అమ్ముకోవడమే.

గల్ఫు మాట

మందం వచ్చిన ఊళ్ళోకి ఏజెంటు తప్పకుండా వస్తాడు. కువైట్లో డ్రైవరు పని, నెలకు ఇంత, రూము ఉచితం అంటాడు. వెళ్ళి బాగుపడినవారు మన రాష్ట్రంలో చాలామందే ఉన్నారు, కాదనం. వెళ్ళేవారు రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. మన లైసెన్సు చూపి అక్కడ హెవీ బండి ఎక్కడం కుదరదు, అక్కడి లైసెన్సు తీసుకోవాలి. అది వచ్చేదాకా జీతం ఎంత, పరీక్ష ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద ఉండాలి. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుకు గల్ఫు దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళాలంటే వలస అనుమతి అవసరం. దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపిస్తానన్నవాడు మిమ్మల్ని ముంచబోతున్నాడని అర్థం. విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు తన ఫీజుగా 30 వేలు, దాని మీద పన్ను తప్ప వసూలు చేయకూడదు. లక్షలు అడిగినవాణ్ణి రిజిస్ట్రేషను నంబరు చెప్పమనండి. ఆ ప్రశ్నకే చాలామంది లేచిపోతారు.

వయసు మీరిన డ్రైవర్లకు ఆటోనగర్ ఉండనే ఉన్నది. మందంలో కొత్త బండ్లు కొనరు గనుక బాడీ బిల్డింగు షెడ్లు వెలవెలపోతాయి. ఉన్న పాత బండ్లనే నాలుగేళ్ళు ఎక్కువ నడుపుకుంటారు గనుక రిపేరు పని అంతగా తగ్గదు. క్లచ్చు వాసన చూసి జబ్బు చెప్పగల డ్రైవరుకు ఆ షెడ్లలో విలువ ఉంటుంది. యాభయ్యో ఏట పానా పట్టుకుని కుర్ర మేస్త్రీ కింద నిలబడడానికి మనసు ఒప్పుకోవాలి, అంతే.

రుజువు లేని ఇరవై ఏళ్ళు

ఇన్ని దారులు చెప్పుకున్నాం గాని, వీటిలో ఏ తలుపు తట్టినా మొదట అడిగేది అనుభవానికి రుజువు. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఇరవై ఏళ్ళు బండి తోలిన మనిషి దగ్గర ఆ సంగతి చెప్పే కాగితం ముక్క ఒక్కటీ ఉండదు. ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎంత జీతానికి చేశాడో ఎక్కడా రాసి లేదు. ఓనరుకూ డ్రైవరుకూ మధ్య ఉన్నది నోటి మాట. నమ్మకం గొప్పదే. కాని యాక్సిడెంటులో డ్రైవరు పోతే, పనిలో ఉండగా చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 1923 చట్టం నాటి నుంచీ ఉన్న నష్టపరిహారపు హక్కు, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగిన హక్కు, ఈ ఒక్క రుజువు దగ్గరే చిక్కుకుంటుంది. అతను మా డ్రైవరు కాదు, ఆ రోజుకు ఎక్కాడు అన్న మాట ఎంతమంది భార్యలు వినలేదు?

లారీ ఓనర్ల సంఘాలు ఈ విషయంలో ముందుకు రావాలి. ప్రతి ఓనరు తన డ్రైవరుకు ఫలానా బండి మీద ఫలానా తేదీ నుంచి చేస్తున్నాడని ఒక ఉత్తరం రాసి సంతకం చేసి ఇస్తే ఖర్చేమీ లేదు. ఇవాళ డ్రైవర్లు దొరకడం లేదని బాధపడుతున్నది ఓనర్లే. డ్రైవరు కొడుకు డ్రైవరు కానంటున్నాడు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏ.సి. క్యాబిన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. క్యాబిన్ చల్లబడడం మంచిదే, అందులో కూచునే మనిషికి ఒక ఉత్తరమైనా దక్కకపోతే కుర్రవాళ్ళు వస్తారా?

ప్రభుత్వం తీరు కూడా చెప్పకుండా ఉండలేము. 2019లో ఆటో, టాక్సీ, మ్యాక్సీక్యాబు సొంతదారులకు ఏడాదికి 10 వేలు ఇచ్చే పథకం పెట్టారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆ వర్గాల వారికి 15 వేలు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. రెండూ మంచివే. రెండింటిలోనూ జీతానికి లారీ తోలేవాడు లేడు. సొంత బండి ఉంటేనే సాయం అంటే, అప్పు చేసి బండి కొనమని ప్రభుత్వమే చెప్పినట్టవుతున్నది. ఆర్.సి. లేనంత మాత్రాన మందం అతన్ని వదిలిపెడుతుందా? తెలంగాణలో 2015లో డ్రైవర్లకు 5 లక్షల ప్రమాద బీమా పెట్టినప్పుడు సొంత బండి ఉండాలన్న షరతు పెట్టలేదు, లైసెన్సే చాలన్నారు. లైసెన్సును ఆధారంగా తీసుకుని మన ప్రభుత్వం కూడా లారీ డ్రైవర్లను లెక్కలోకి తీసుకోవడం అసాధ్యమేమీ కాదు.

ఈలోగా డ్రైవర్లు తమంత తాము చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే కేంద్ర ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఏభై ఏళ్ళ లోపు చేరితే 436 రూపాయలకు మరో 2 లక్షల జీవిత బీమా ఉంది. ఈ రెంటికీ కలిపి అయ్యే ఖర్చు దారిలో ఒక పూట భోజనాలకు అవుతుంది. ఊళ్ళో సచివాలయంలో ఈ-శ్రమ్ కార్డు రాయించుకోవాలి. ఇంట్లో ఆడవాళ్ళు ఈ కాగితాలను ఒక సంచీలో పెట్టి ఉంచాలి, ఏ బ్యాంకో, ఎప్పుడు డబ్బు కోశారో వాళ్ళకు తెలిసి ఉండాలి. భర్త చనిపోయాక పాస్‌బుక్కు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

లైసెన్సు తేదీ చూసుకోవడం అన్నిటికంటె ముఖ్యం. బండి నిలిచిపోయిన ఏడాదిలోనే లైసెన్సు సంగతి మరచిపోతారు, అనుభవం చెబుతున్నది అదే. రవాణా లైసెన్సును 2019 చట్టసవరణ తర్వాత అయిదేళ్ళకొకసారి రెన్యూ చేయించాలి. గడువు దాటిన ఏడాదిలోపు వెళితే సరిపోతుంది. ఏడాది దాటితే మళ్ళీ టెస్టు ఇవ్వాలి. ఇరవై ఏళ్ళు ఘాటు రోడ్లు తోలిన మనిషి ట్రాకు మీద ఎనిమిది అంకె తిప్పి చూపించవలసి వస్తుంది. రెన్యూవలుకు డాక్టరు సర్టిఫికెట్టు కూడా కావాలి. అది సంతకానికి కొనుక్కోకుండా నిజంగా కళ్ళు చూపించుకుంటే శుక్లం, చక్కెర ముందే బయటపడతాయి.

రవాణా శాఖ అధికారులకు మా విజ్ఞప్తి ఇదీ. ప్రమాదకర సరుకు శిక్షణ కోసం డ్రైవరు మూడు రోజులు విజయవాడలో లాడ్జి తీసుకుని ఉండే అవసరం లేకుండా నందిగామలో, జగ్గయ్యపేటలో, మచిలీపట్నంలో, గుడివాడలో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల చేత వంతులవారీగా తరగతులు పెట్టించాలి. ఆషాఢంలో, వానలకు ఎలాగూ కిరాయిలు తగ్గుతాయి గనుక తేదీలు అప్పుడు వేస్తే ఎవరి ట్రిప్పూ పోదు. ఆ తేదీలు ముందుగా తెలియజేస్తే ఈ పేజీలోనే ప్రకటించడానికి మేము సిద్ధంగా ఉన్నాము.